రియోహా ద్రాక్షమద్యము – ఓర్పునకు వచ్చు వెల

పంట యింటికి వచ్చిన దినములలోనే దానికి వెల మిక్కిలి తక్కువగ నుండుట మన రైతుసోదరు లందఱు నెఱిగిన సంగతియే. ఊరంతటికి నొక్కసారియే కోత వచ్చును. సరకంతయు నొక్కసారియే అంగడికి చేరును. బ్యాంకు వాయిదాయు, ఎరువుల బాకీయు, కూలివాండ్ర లెక్కయు నా దినములలోనే తీర్పవలసి వచ్చును. నిలువయుంచుకొనగలవాడు నాలుగునెలలకు మంచి వెల చూచును. నిలువయుంచుకొనలేనివాడు కల్లములోనే అమ్ముకొని, తాను పండించిన సరకు పిమ్మట నెక్కువ వెలకు పోవుట చూచి నిట్టూర్చును. ఓర్పు మంచి గుణమే గాని, యది చేతిలో నాలుగు రూకలున్నవానికే సాధ్యమగు గుణము.

ఈ యోర్పునే వర్తకముగ జేసికొని, దానికి కొలతలును, నిబంధనలును, ముద్రలును ఏర్పఱచుకొన్న వ్యవసాయప్రాంత మొకటి స్పెయినుదేశమున గలదు. దాని పేరు రియోహా. అచ్చటి ద్రాక్షపండ్లతో చేయబడు ఎఱ్ఱ వైను పీపాలలోను సీసాలలోను ఏండ్లతరబడి యుండి, పాతబడినకొలది వెల హెచ్చును. ఆ విధానమును ఈ సంచికలో మన సభ్యులకు వివరింపదలచితిమి.

మద్యపానమును మెచ్చుట మా యుద్దేశము గాదు. 1992వ సంవత్సరమున నెల్లూరు జిల్లా దూబగుంట గ్రామపు స్త్రీలు సారాకు ఎదురు నిలిచి సాగించిన యుద్యమమును మఱచినవారము గాము. వైనులో నూటికి 12, 13 పాళ్లు సారాయము గలదు గావున దాని కీడు దానికుండనే యున్నది. పండించువాడు, నిలువయుంచువాడు, అమ్మువాడు అను మువ్వురిలో పంట విలువ యెవరికి ఎంత చెందుచున్నదను ప్రశ్నయే మాకు ముఖ్యము. ఆ ప్రశ్న వైనునకును వడ్లకును నొక్కటియే.

ఆ నేల, ఆ తీగ

స్పెయిను ఉత్తరభాగమున ఎబ్రో యను నది ప్రవహించుచున్నది. దాని కిరుప్రక్కల నున్న లోయయే రియోహా. ఉత్తరమున కాంతాబ్రియా పర్వతపంక్తి గోడవలె నిలిచి, సముద్రమునుండి వచ్చు చలిగాలులను తేమను కొంతవఱ కడ్డగించును. శీతకాలమున మంచు కురియును. ఎండకాలము పొడిగ నుండును. నేల పలుచోట్ల సున్నపుపాలు గల బంకమన్ను, నదితీరమున గులకఱాళ్ల ఒండ్రు. ఈ ప్రాంతమున ద్రాక్ష సాగగు భూమి 60 వేల హెక్టార్లకు పైబడి యున్నది. తోట లనేకములు చిన్న రైతులవే.

హైదరాబాదు పరిసరములలో పేరుగాంచిన అనాబ్-ఇ-షాహీ వంటి ద్రాక్ష తినుటకు బెంచునది. దాని గింజ పెద్దది, తొక్క పలుచన, రసము మెండు. రియోహా ద్రాక్ష యట్టిది గాదు. అచ్చటి ముఖ్యమైన రకము తెంప్రానియ్యో. స్పెయిను భాషలో ‘త్వరగ’ నను అర్థము గల మాటనుండి యా పేరు వచ్చినది, ఏలయన నది తక్కిన రకములకంటె ముందుగ పండును. గింజ చిన్నది, తొక్క దళసరి, రంగు నల్లనిది. దీనితో గార్నాచా, గ్రాసియానో, మజువేలో అను రకములను తగుపాళ్ల గలుపుదురు. ఒకటి బలమును, ఒకటి పరిమళమును, ఒకటి పులుపును వగరును ఇచ్చును. ప్రాతతోటలలో తీగలను పందిరికెక్కింపక పొట్టిపొదవలె కత్తిరించి పెంచుదురు. కోత సాధారణముగ సెప్టెంబరు, అక్టోబరు నెలలలో జరుగును.

ఒక పురుగు తెచ్చిన మార్పు

రియోహాలో ద్రాక్షసాగు ప్రాచీనమే యైనను, దాని వైను పూర్వము తొందరగ త్రాగివేయబడు నాటుసరకే. మార్పు పొరుగుదేశపు దురవస్థవలన వచ్చెను. 1860వ దశకమున ఫ్రాన్సుదేశమున ఫిలోక్సెరా యను చిన్న పేనుపురుగు కనబడెను. అమెరికానుండి వచ్చిన మొక్కలతో నది దిగుమతి యయ్యెను. తీగ వేళ్లను బట్టి రసము పీల్చి, కొలది సంవత్సరములలో తోటలకు తోటలనే యెండగట్టెను. ఫ్రెంచి వర్తకులు సరకుకొఱకు దక్షిణమునకు దృష్టి మఱలించిరి. 1863వ సంవత్సరమున హారో యను చిన్న పట్టణముమీదుగ బిల్బావో రేవునకు రైలుమార్గము పడియుండెను. కావున ఫ్రెంచివారు హారోకు వచ్చి, రైలుస్టేషను ప్రక్కనే కొట్లు నిర్మించుకొనిరి. నేటికిని ఆ పట్టణపు పేరుగల వైనుశాల లనేకము లా స్టేషను పేటలోనే గలవు.

వచ్చినవారు కొనుగోలుతో నూరకుండలేదు. తమ బోర్డో ప్రాంతమున అలవాటైన 225 లీటర్ల ఓకుకొయ్య పీపాలలో వైనును నిలువయుంచి పక్వము చేయు పద్ధతి యచ్చట ప్రబలెను. స్పెయినువారిలోను కొందఱు పెద్దలు దాని నంతకుముందే బోర్డోలో నేర్చి యుండిరి. ఆ కాలముననే, 1877వ సంవత్సరమున, రఫాయేల్ లోపెజ్ దె హెరెదియా యనునతడు హారోలో తన వైనుశాలను స్థాపించెను. 

కాని పరులయాపదవలన గలిగిన లాభము చిరకాలము నిలువలేదు. ఫ్రెంచివారు అమెరికా తీగల వేరుమొక్కలపై తమ రకముల నంటుగట్టి తోటలను మరల లేపుకొనిరి. 1892లో ఫ్రాన్సు విదేశపు వైనుమీద సుంకము హెచ్చించెను. కొనువారు వెడలిపోయిరి. 1899లో ఆ పురుగే రియోహాకును వచ్చెను. తోటలు నశించెను, అనేకులు ఊళ్లు విడిచిపోయిరి. వారిని కాపాడినదియు నా యంటుపద్ధతియే. అమెరికా వేరు పురుగునకు తట్టుకొనును. పైకొమ్మ తన పండును తాను ఇచ్చును. మామిడియంట్ల నెఱిగిన మన రైతుల కీ కిటుకును వేఱుగ చెప్పనక్కఱలేదు. లోపెజ్ దె హెరెదియా సైతము 1913, 1914 సంవత్సరములలో ఎబ్రోనది వంపులో తొందోనియా యను నూఱు హెక్టార్ల తోటను క్రొత్తగ నాటించెను. ఆ తోట పేరు గల వైనే నేడు రియోహా ప్రాతపద్ధతికి మేలైన యుదాహరణముగ నెన్నబడుచున్నది.

పండు వైనగు విధము

పండ్ల గుత్తులను చేతితో కోసి తెచ్చి, చిదిపి, మనిషి యెత్తునకు మించిన ఓకుకొయ్య తొట్లలో వేయుదురు. నల్లద్రాక్షకైనను లోపలి రసము తెల్లనిదే; రంగును వగరును తొక్కలో గలవు. అందుచే ఎఱ్ఱ వైనునకు తొక్కతోనే పులియబెట్టవలెను. ఈస్టు అను సూక్ష్మజీవులు పండులోని చక్కెరను సారాయముగను బొగ్గుపులుసు వాయువుగను మార్చును. ఆ వాయువు తొక్కలను పైకి నెట్టుచుండును. పనివారు రసమును మరల మరల వానిపై పోయుచు రంగు దింపుదురు. పులియుట ముగిసిన పిమ్మట రెండవ మార్పొకటి జరుగును. పచ్చికాయలలో నుండు కఱకు పులుపు సూక్ష్మజీవులచే పెరుగులోనుండు మెత్తని పులుపుగ మాఱును.

మన తాటికల్లు ఉదయము తియ్యగ నుండి సాయంకాలమునకు పులిసిపోవుచుండగా వైను ఏండ్లతరబడి యెట్లు నిలుచునని యెవరైన నడుగవచ్చును. కల్లులో సారాయము తక్కువ, వగరు లేదు, గాలి సోకుట మెండు. సారాయమును పులిసిన కాడిగ మార్చు సూక్ష్మజీవులకు గాలి యావశ్యకము. వైను పీపాను అంచువఱకు నింపి, బిరడా బిగించి, ఆవిరియై తగ్గినంత మరల నింపుచుందురు గావున వాని కవకాశము చిక్కదు. పులుపు, వగరు, సారాయము అను మూడును గలిసి వైనును కాపాడును. ఈ మూటిలో నేది లోపించినను ఎన్నేండ్లుంచినను మేలు గలుగదు, చెడుటయే జరుగును. పాతబడినదెల్ల మంచిదగునను భ్రమ యెవరికిని వలదు.

పీపాలో జరుగున దేమన: కొయ్య సూక్ష్మరంధ్రములనుండి మిక్కిలి స్వల్పముగ గాలి లోపలికి దిగును. ఆ స్వల్పమైన గాలిచే వగరుపదార్థము ఒకదానితో నొకటి పెనవేసికొని బరువై అడుగునకు దిగును. నాలుకను పట్టివేయు వగరు మెత్తపడును. ఊదాయెఱుపు రంగు క్రమముగ ఇటుకరంగునకు తిరుగును. తాజాపండు వాసన తగ్గి, ఎండుపండు, తోలు, సుగంధద్రవ్యములను దలపించు వాసనలు పుట్టును. ఓకుకొయ్య తన వంతు పరిమళము చేర్చును. ఏడాదికి రెండు సారులు పైతేటను మఱియొక పీపాకు మార్చి మడ్డిని తీసివేయుదురు. తుదకు కోడిగ్రుడ్ల తెల్లసొన వేసి తేర్చుదురు. మన పల్లెలలో పూర్వము బురదనీటిని చిల్లగింజ యరగదీసి తేర్చినట్లే, ఆ తెల్లసొన తేలియాడు నలుసులను తనతో గొని యడుగునకు దిగును.

ఒక వైనుశాల లెక్క

లోపెజ్ దె హెరెదియావారి శాల నాలుగు తరములుగ నా కుటుంబము చేతిలోనే యున్నది. కొండరాతిలో త్రవ్విన నేలమాళిగలలో పండ్రెండువేలకు పైగ పీపాలు గలవు. అచ్చట వేసవి, శీతకాలము అను భేదము లేక చల్లదన మొక్కతీరున నుండును. పీపాలను చేయుటకును బాగుచేయుటకును శాలలోనే వడ్రంగులు గలరు. మాళిగలోని సాలెపట్టును దులిపివేయరు. సీసా బిరడాలను తొలుచు చిమ్మటలను సాలెపురుగు తినివేయునని వారి యనుభవము. 1970 మొదలు అనేక శాలలు నిలువకాలమును తగ్గించి క్రొత్తపద్ధతులకు మరలినను, వీరు ప్రాతపద్ధతిని విడువలేదు.

తొందోనియా ఎఱ్ఱ వైనులో ‘రెసెర్వా’ యను తరగతి పీపాలోనే సుమారు ఆఱేండ్లుండును. ‘గ్రాన్ రెసెర్వా’ యను పైతరగతి సుమారు పదేండ్లుండును. పిమ్మట సీసాలో మఱికొన్ని యేండ్లు. ఈ పైతరగతిని ప్రతి సంవత్సరము చేయరు. 1964, 1994, 2001 వంటి మేలైన పంట యేండ్లలోనే చేయుదురు. 2001లో కోసిన పండు కొనువాని చేతికి వైనుగ చేరుటకు సుమారు రెండు దశాబ్దములు పట్టెను.

దీని యర్థమును పెట్టుబడి లెక్కలో చూడవలెను. ప్రతి పంటయు ఆఱేండ్లు పీపాలో నుండవలెనన్న, ఏ దినమున జూచినను ఆఱు పంటల సొమ్ము మాళిగలో పడియుండును. ఆ సొమ్ముపై వడ్డీ, పీపాల ఖర్చు, ఏడాదికి రెండుమాఱులు మార్చు కూలి, ఆవిరియై పోవు తరుగు – ఇవి యన్నియు వెలలో చేరవలెను. వైను పాతబడుటచే వెల హెచ్చుననుట సగము నిజమే. అంతకాలము పెట్టుబడిని కదలింపక యుంచగల స్తోమతకును ఆ వెలలో భాగము గలదు.

పేరును కాపాడు నిబంధనలు

మంచిపేరు వచ్చినంతనే దొంగసరకు బయలుదేరును. ఇతరచోట్ల వైనును రియోహా పేరుతో అమ్ముట ప్రబలగా, అచ్చటివారు పోరాడి 1925లో ఆ పేరునకు చట్టరక్షణ సంపాదించిరి. మఱుసటి సంవత్సరమున నియంత్రణసభ యేర్పడెను. 1991లో స్పెయినున మొట్టమొదట రియోహాకే యత్యున్నతమైన స్థాననామపు హోదా దొరకెను. ఆ సభలో తోటరైతుల పక్షమునకును వైనుశాలల పక్షమునకును సమానమైన వోట్లు గలవు. మన సభ్యులీ సంగతిని ముఖ్యముగ గమనింపవలెను.

నిబంధనలలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది దిగుబడి పరిమితి. ఎఱ్ఱద్రాక్షకు హెక్టారునకు 6,500 కిలోలు మూలపరిమితి; సంవత్సరమును బట్టి సభ దానిని సవరించుట గలదు. మన లెక్కలో నెకరమునకు సుమారు 26 క్వింటాళ్లు. నూఱు కిలోల పండునకు 70 లీటర్ల వైను మించరాదు. కావున హెక్టారునకు వచ్చునది 4,550 లీటర్లు, అనగా 20 పీపాలు, సుమారు 6,000 సీసాలు. ప్రతి రైతునకు తన తోటవిస్తీర్ణము వ్రాయబడిన కార్డు గలదు. కోతకాలమున కాటావద్ద ప్రతి బండిబరువు దానిలో నెక్కును. పరిమితి దాటిన పండు రియోహా పేరు నందజాలదు. తీగ నెక్కువ మోయించిన పండులో పస తగ్గునని వారి యనుభవము.

రెండవది కాలపు తరగతులు. ఎఱ్ఱ వైనులో ‘క్రియాంజా’ యనునది రెండేండ్లు నిలువయుండవలెను, అందొక యేడాది పీపాలో. ‘రెసెర్వా’ మూడేండ్లు, అందు పీపాలో ఏడాదియు సీసాలో ఆఱునెలలును తగ్గరాదు. ‘గ్రాన్ రెసెర్వా’ అయిదేండ్లు, అందు పీపాలో రెండు, సీసాలో రెండు తగ్గరాదు. పీపా 225 లీటర్లదే కావలెను. ఇవి చట్టమడుగు కనిష్ఠములు. తొందోనియావారివంటి శాలలు స్వేచ్ఛగ నింతకు మిక్కిలి హెచ్చుగ నుంచుచున్నవి.

మూడవది ముద్ర. ప్రతి సీసావెనుకను నియంత్రణసభ యిచ్చిన సంఖ్యగల చీటీ యుండును. తరగతికొక రంగు: క్రియాంజాకు ఎఱుపు, రెసెర్వాకు ముదురెఱుపు, గ్రాన్ రెసెర్వాకు నీలము. ఎన్ని లీటర్లు లెక్కకు వచ్చెనో యన్ని సీసాలకే చీటీలు దొరకును. కొనువాడు అంగడివాని మాట నమ్మనక్కఱలేదు, చీటీ చూచిన చాలును.

వెల యెవరికి చెందును

ఇంత చక్కని యేర్పాటున్నను రైతునకు కష్టము లేదని తలపరాదు. పండు కోసిన మూడవనాటికే చెడును. దానిని నిలువయుంచు తొట్లు, పీపాలు, మాళిగలు లేని రైతు ఆ వారముననే శాలవారు చెప్పిన వెలకు ఇచ్చుకొనవలెను. ఇరువదేండ్ల ఓర్పునకు వచ్చు వెలలో అతనికి భాగము లేదు. ఈ చిక్కు తొలగించుకొనుటకే రియోహాలో ననేక గ్రామముల రైతులు సహకారసంఘములుగ నేర్పడి, తమ పండును తామే వైను చేసికొనుచున్నారు. కొన్ని సంఘములు పెద్దశాలలకు టోకున అమ్మును. కొన్ని తమ పేరుతోనే సీసాలకెత్తి, నిలువయుంచి అమ్మును. రెండవ మార్గమున లాభమెక్కువ; పెట్టుబడియు, ఓర్పును, లెక్కల శుద్ధియు నెక్కువ కావలెను.

ఇటీవల ఎఱ్ఱ వైను వాడుక లోకమంతట తగ్గుచుండుటచే రియోహాలోను సరకు మిగిలిపోవుచున్నది. 2023వ సంవత్సరమున సహాయధనమిచ్చి కొన్ని తోటలలో పచ్చిగుత్తులనే కోసివేయించిరి. మిగిలిన వైనులో కొంత బట్టీపట్టించిరి. వ్యవసాయసరకును పండించు ఖర్చునకు తక్కువగ కొనరాదని 2013 నాటి చట్టమును స్పెయిను ప్రభుత్వము 2021లో సవరించి గట్టిపఱచెను. అయినను కొనువాడు లేనిచోట చట్టమొక్కటే కడుపు నింపదు. పేరు, ముద్ర, తరగతి – ఇవి సరకునకు రక్షణయే గాని, గిరాకికి హామీ గావు.

మనకు గల పోలిక

మన పంటలలో ఓర్పునకు వెల గలది యేది? మిరపను శీతలగిడ్డంగిలో నుంచిన రంగు నిలుచునే గాని, గుణము పెరుగదు. అచ్చట మన మోర్చునది అంగడి ధరకొఱకే. పాతబడుటచే నిజముగ గుణము పెరుగునది బియ్యము. ఈ సంగతి మన యింటి స్త్రీలందఱకు తెలియును. క్రొత్తబియ్యము మెత్తబడి ముద్దకట్టును; ఏడాది దాటిన బియ్యము పొడిపొడిగ విడివడి, కుండ నిండునట్లు పెరుగును. నిలువలో గింజలోని పిండిపదార్థమును మాంసకృత్తులును గట్టిపడుటయే దీనికి కారణము. 1986లో బాపట్ల పరిశోధనస్థానమునుండి విడుదలయైన సాంబమసూరి (బి.పి.టి. 5204) బియ్యమును అంగళ్లలో క్రొత్తది, పాతది యని వేఱు వేఱు వెలలకు అమ్ముట మనము చూచుచున్నదే.

కాని ఆ హెచ్చువెల రైతునకు వచ్చుచున్నదా? తఱచుగ రాదు. వడ్లు కల్లములోనే అమ్ముడుపోవును. పాతబడుట మిల్లుదారుని గిడ్డంగిలోనో వర్తకుని కొట్టులోనో జరుగును. మఱియు పాతదనమునకు ముద్ర లేదు. అంగడివాని మాటయే సాక్ష్యము. క్రొత్తబియ్యమునకే ఆవిరిపట్టి పాతదానివలె పొడిపొడిగ నుడుకునట్లు చేయు పద్ధతియు గలదు. కొనువాడు దేనికి వెల యిచ్చుచున్నాడో అతనికే తెలియదు. రియోహాలో నీలపుచీటీ చేయు పని యిచ్చట చేయువారు లేరు.

మన దేశమునను స్థాననామములకు చట్టరక్షణ 2003నుండి గలదు. గుంటూరు సన్నమిరపకును, 2017లో బంగినపల్లి మామిడికిని, 2019లో అరకు కాఫీకిని అది లభించినది. ఇది మంచి మొదలు. అయితే రియోహావారికి 1925లో పేరు దొరకుటతో పని ముగియలేదు. బండ్లబరువు వ్రాయుట, పీపాలు లెక్కించుట, చీటీలు పంచుట అను నిత్యపు పనిచే నా పేరు నిలిచినది. పత్రము గోడకు తగిలించి యూరకున్న పేరు నిలువదు.

సంఘములు చేయదగినది

ఒక గ్రామసంఘము కొలదిపాటి వడ్లతో నీ పరీక్ష చేయవచ్చునని మా సలహా. ఒక్క రకమునే తీసికొని, చక్కగ నారబెట్టి, తేమ 14 పాళ్లకు మించకుండ చూచి, సభ్యుని పేరు, కోసిన తేది, బస్తాసంఖ్య పుస్తకమున నెక్కించి నిలువయుంచవలెను. గిడ్డంగి నమోదుపొందినదైన, 2007 నాటి గిడ్డంగుల చట్టము ప్రకారము దొరకు రశీదుపై సభ్యునకు ఋణము పుట్టు నవకాశము గలదు. అట్లు అవసరపు సొమ్ము చేతికి వచ్చిననే రైతు ఓర్వగలడు; వట్టి యుపదేశముతో నెవ్వడును ఓర్వలేడు. ఏడాది తరువాత మర పట్టించి, కోసిన తేదియు నిలువకాలమును ముద్రించిన సంచులలో సంఘము పేరుతో అమ్మవలెను.

అయితే లెక్క ముందుగ వేసికొనవలెను. ఉదాహరణమునకు, క్వింటాలు 2,000 రూపాయలు పలుకు వడ్లను ఏడాది నిలువయుంచితిమనుకొందము. నూటికి 12 వంతున వడ్డీ 240 రూపాయలు. గిడ్డంగి అద్దె నెలకు పదివంతున 120. తరుగు, పురుగు, ఎలుక కలిసి నూటికి మూడు వంతున 60. మొత్తము 420 రూపాయలు. పాతదానికి క్వింటాలునకు 2,420 రూపాయలకు మించి వచ్చిననే యా యోర్పు లాభము. తగ్గిన నది మూర్ఖపుపట్టు. మీమీ యూరి ధరలతో నీ లెక్కను మరల వేసికొని, మించునను నమ్మిక కలిగిన పిమ్మటనే పనికి పూనుకొనుడు. పంటయంతయు నిలువపెట్టవలదు, మొదట పదియవ వంతుతో చూడుడు.

చెడిన వడ్లు పాతబడిన పాతబియ్యము గావు. రియోహావారు మేలైన యేడాది పండునే పదేండ్లుంచుదురుగాని, ప్రతి పండును ఉంచరు. తేమతో నున్నవానిని, రకములు కలిసినవానిని, పురుగు సోకినవానిని ముందే యేఱి వేఱుచేసి అమ్మివేయవలెను. ముద్రవేసిన యొక్క సంచిలో కల్తీ దొరకినచో పది యేండ్ల నమ్మకము పోవును. కావున ముద్ర వేయు నధికారము ఒక్కరి చేతిలో నుంచక, సభ్యులు ఎన్నుకొన్న ఇద్దరి సంతకములతో జరుగవలెను. పుస్తకము ఏ సభ్యుడడిగినను చూపవలెను.

కాలము ఎవరి సొత్తునుగాదు. అయినను దానిని నిలువచేయుటకు గిడ్డంగి యున్నవానికే దాని వెల చెందుచున్నది. ఒక్క రైతునకు మాళిగ లేదు, పీపా లేదు, ఏడాది ఓర్చుటకు సొమ్ము లేదు. నూఱుగురు కలిసిన యెడల నివి యన్నియు సాధ్యములే. కోత ముగియకముందే ఈ విషయమును మీ మహాసభలో చర్చించి, మీ తీర్మానమును మాకు తెలియజేయగోరుచున్నాము.